తీరిక వేళ : పెద్ద గొంతుకా, పదునైన చెవులా?

ప్రభుత్వ లైసెన్సు పొంది, లాభాపేక్ష లేకుండా వైర్‌లెస్ ద్వారా దేశవిదేశాల వారితో సంభాషించే ఔత్సాహికులను హామ్‌లంటారు. ఈ అభిరుచి గల ఉద్యోగుల ఇళ్లలో, ముఖ్యంగా బోనసు అందిన వేళ, ఒక చర్చ తలెత్తడం పరిపాటి. పాత ట్రాన్సీవర్ స్థానంలో కొత్తది కొనడమా, లేక ఉన్నదానికే యాంప్లిఫయర్ జతచేయడమా అన్నదే ఆ చర్చ. రెండూ ఖరీదైనవే. కనుక డబ్బు చెల్లించే ముందు కొంత లెక్క, కొంత పరీక్ష అవసరం.

ట్రాన్సీవర్ మాటను పంపుతుంది, అందుకుంటుంది కూడా. యాంప్లిఫయర్ పంపే సంకేతానికి మాత్రమే బలం చేకూరుస్తుంది. వినికిడికి దాని వల్ల ఒరిగేదేమీ లేదు. ఇక హెచ్‌ఎఫ్ ట్రాన్సీవర్లలో పాతవైనా, కొత్తవైనా అధిక భాగం వెలువరించే శక్తి 100 వాట్లే. కాబట్టి కొత్త ట్రాన్సీవర్ కొన్నంత మాత్రాన మన గొంతు అవతలివారికి మరింత బిగ్గరగా వినిపించదు. ఒకటి గొంతుకు, మరొకటి చెవులకు సంబంధించిన విషయమని గ్రహిస్తే సగం చిక్కు విడిపోతుంది.

యాంప్లిఫయర్ 100 వాట్లను 400 వాట్లకు పెంచిందనుకుందాం. శక్తి నాలుగింతలైనా అవతలివారి ఎస్-మీటరు ముల్లు పెరిగేది దాదాపు ఒక్క అంకె, అనగా 6 డెసిబెళ్లు మాత్రమే. అయితే దీనిని అల్పమని కొట్టివేయరాదు. రొద అంచున ఊగిసలాడుతున్న మాటను ఆ 6 డెసిబెళ్లే అర్థమయ్యే మాటగా మార్చగలవు. ఇదివరకే స్పష్టంగా వినిపిస్తున్న మాటకు మాత్రం వాటి వల్ల అదనపు ప్రయోజనం కలుగదు.

మన లోపం గొంతులో ఉన్నదా, చెవిలో ఉన్నదా అని తెలుసుకోవడానికి ఒక నెల పాటు లాగ్ పుస్తకంలో రెండు గడులు అదనంగా గీసుకోవాలి. మనకు బాగా వినిపించినవారు మన పిలుపును అందుకోకపోతే మొదటి గడిలోను, వారు బదులిచ్చినా ఆ మాట మనకు తెలియకపోతే రెండవ గడిలోను గుర్తు పెట్టాలి. నెలాఖరున ఏ గడి నిండిందో చూస్తే రోగ నిర్ణయం జరిగినట్లే.

రెండవ గడి నిండినంత మాత్రాన రిసీవరును నిందించడం తగదు. యాంటెనా ప్లగ్గు తీసి చూడండి. రొద ఒక్కసారిగా తగ్గిపోతే, ఆ రొద బయటి నుంచి వస్తున్నదని, రిసీవరు సున్నితత్వానికి కొదవ లేదని అర్థం. తరువాత రేడియోను బ్యాటరీ మీద నడుపుతూ ఇంటి మెయిన్ స్విచ్ ఆపాలి. అప్పుడు రొద తగ్గితే దోషం మన ఎల్‌ఇడి దీపాలలోనో, ఛార్జర్లలోనో, ఇన్వర్టరులోనో ఉన్నది. ఆ దోషాన్ని సరిచేయడానికి కొత్త ట్రాన్సీవర్ అక్కరలేదు. పక్క ఫ్రీక్వెన్సీలోని బలమైన స్టేషను బలహీనమైన మాటను అణచివేస్తున్నప్పుడు మాత్రం మెరుగైన రిసీవరు, చక్కని ఫిల్టర్లు నిజంగా అక్కరకు వస్తాయి.

గొంతుకూ, చెవులకూ కూడా మేలు చేసేది యాంటెనా. 14 మెగాహెర్ట్జ్ వద్ద మూడు ఎలిమెంట్ల యాగీ, అదే ఎత్తులోని డైపోల్ కంటె దాదాపు 5 నుంచి 6 డెసిబెళ్లు అధికంగా ఇస్తుంది. అంటే యాంప్లిఫయర్ ఇచ్చే లాభానికి సమీపంగా, ఇరువైపులా లభిస్తుందన్నమాట. క్వార్టర్స్ పైకప్పుపై యాగీకి అనుమతి గాని, చోటు గాని లేనివారు తమ డైపోల్‌ను 10 మీటర్ల ఎత్తుకు చేర్చగలిగినా, నీరు దిగిన పాత కేబులును మార్చుకున్నా గణనీయమైన ఫలితం ఉంటుంది.

ఇవన్నీ చేసిన తరువాత కూడా మొదటి గడి నిండుతూనే ఉంటే యాంప్లిఫయర్ గురించి ఆలోచించవచ్చు. ముందుగా లైసెన్సులోని శక్తి పరిమితిని చూడాలి. 2009 నాటి సవరణలు హెచ్‌ఎఫ్‌లో జనరల్ శ్రేణికి గరిష్ఠంగా 400 వాట్లు, రెస్ట్రిక్టెడ్ శ్రేణికి 50 వాట్లు నిర్ణయించాయి. 50 వాట్లకు పరిమితమైనవారికి యాంప్లిఫయర్ ప్రసక్తే లేదు. వాల్వులతో పనిచేసే యాంప్లిఫయర్లలో 2,000 వోల్టులకు మించిన విద్యుత్తు ఉండవచ్చు. స్విచ్ ఆపిన తరువాత కూడా కెపాసిటర్లలో ప్రాణాంతకమైన ఛార్జి నిలిచి ఉండవచ్చు. పిల్లలు తిరిగే ఇంట్లో ఇది ఎంతమాత్రం ఉపేక్షించదగినది కాదు. గోడకు గోడ ఆనుకున్న క్వార్టర్లలో పక్కింటివారి టీవీకి, స్పీకర్లకు కలిగే అంతరాయాన్ని కూడా లెక్కలో చేర్చుకోవాలి.

మరొక విషయం మన ప్రాంతానికి మరింత ముఖ్యమైనది. 2004 డిసెంబరు 26న సునామీ విరుచుకుపడినప్పుడు, హామ్ యాత్రపై పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ బృందం ద్వీపవాసుల క్షేమ సమాచారాన్ని ప్రధాన భూభాగానికి చేరవేసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకిన తరువాత కరెంటు, ఫోన్లు స్తంభించిన రోజులు ఆ నగరవాసులకు గుర్తుండే ఉంటాయి. అటువంటి వేళ మెయిన్స్‌పై ఆధారపడిన యాంప్లిఫయర్ బరువైన పెట్టె మాత్రమే. 12 వోల్టుల బ్యాటరీ మీద, అవసరమైతే శక్తిని 25 వాట్లకు తగ్గించుకుని పనిచేసే సాధారణ ట్రాన్సీవరే అప్పుడు ఆసరా.

కావున ముందు యాంటెనా, కేబులు. పిమ్మట ఇంటి రొద. ఆపైన ఒక మంచి బ్యాటరీ. ఈ మూడూ సమకూరిన తరువాత మిగిలిన సొమ్ము యాంప్లిఫయర్‌కా, కొత్త ట్రాన్సీవర్‌కా అన్నది లాగ్ పుస్తకమే చెబుతుంది. రెండు గడులూ ఖాళీగా ఉంటే మాత్రం ఆ సొమ్మును నిశ్చింతగా ఇల్లాలి చేతికి అందించవచ్చు.