జవాబివ్వని రోజులకూ సూద్ కట్టాలా?

'భయ్యా, బ్యాంక్ సే కుచ్ జవాబ్ ఆయా?'

నాలుగు నెలల్నుంచి మా ఆపా ఫోన్ చేస్తే మొదట అడిగేది ఇదే. ఆ తర్వాతే సలాం, ఖైరియత్. పేపర్లో పనిచేస్తాను కాబట్టి బ్యాంకువాళ్లు నా మాట వింటారని ఆమె గుమాన్.

నంద్యాలలో దుల్హే భాయికి వెల్డింగ్ షాపుండేది. 2018లో లోన్ తీసుకుని చిన్న మకాన్ కట్టుకున్నారు. షాపు దెబ్బతింది, పైనించి ఆయన గుండెకు స్టెంటు. కిస్తీలు ఆగిపోయాయి. 90 రోజులు దాటగానే ఖాతా ఎన్‌పీఏ అయింది. వెనకే సర్ఫేసీ చట్టం కింద నోటీసొచ్చింది. ఇప్పుడు సూద్‌తో కలిపి బాకీ 27 లక్షలు. ఇల్లమ్మితే 22కు మించి రాదు.

కొనే ఆయన దొరికాడు. పక్క గల్లీలో టీచరు, నిదానమైన మనిషి. 50 వేలు బయానా ఇచ్చాడు. '22 లక్షలూ మీరే తీసుకోండి, మిగిలింది మాఫ్ చేసి ఇల్లు అమ్ముకోనివ్వండి' అని వన్ టైమ్ సెటిల్‌మెంట్‌కు దరఖాస్తు పెట్టాం. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసిన నేను ఇంగ్లీషులో రాసిన అర్జీ అది! అప్పట్నుంచి బ్రాంచిలో అడిగితే రీజినల్ ఆఫీసు అంటారు, అక్కడడిగితే 'ఫైలు పైకెళ్లింది' అంటారు.

చట్టం చూడండి. నోటీసు అందాక బాకీ కట్టడానికి మనకు 60 రోజులు. ఆ తర్వాత ఇంటిని స్వాధీనం చేసుకోవచ్చు. నోటీసు వచ్చాక బ్యాంకు రాతపూర్వక ఇజాజత్ లేకుండా ఇల్లు అమ్మకూడదు, 13(13) సెక్షన్. బ్యాంకు చర్య మీద డీఆర్‌టీకి పోవాలంటే 45 రోజులు. అన్నిటికీ మనకు గడువుంది. మరి మనమిచ్చిన ఆఫర్‌కు బ్యాంకు ఎన్ని రోజుల్లో జవాబివ్వాలి? ఆ మాట ఆ చట్టంలో లేదు. ఇజాజత్ లేకుండా అమ్మొద్దంటారు, ఇజాజత్ అడిగితే ఖామోష్. ఇదెక్కడి ఇన్సాఫ్?

సెటిల్‌మెంట్ అప్పు తీసుకున్నవాడి హక్కు కాదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. సరే, ఒప్పుకుంటాను. మాఫీ ఇచ్చి తీరాలని నేననడం లేదు. కాదంటే కాదని రాసివ్వమంటున్నాను. ఎందుకంటే ఈ ఖామోషీ ముఫ్త్ కాదు. ఏడాదికి 10 శాతం లెక్కన 27 లక్షల మీద నెలకు 22,500. ఫైలు నిద్రపోయిన నాలుగు నెలలకు 90 వేలు. నిద్ర వాళ్లది, హిసాబ్ మాది. ఈలోపు ఆ టీచరు విసిగి వెళ్లిపోతే వేలమే గతి. వేలంలో తక్కువొస్తే ఆ లోటు కూడా మా నెత్తినే.

గడువు పెట్టడం కుదరని పనేం కాదు. అమెరికాలో ఇలాంటి అమ్మకాన్ని షార్ట్ సేల్ అంటారు. 2008 ప్రాంతంలో అక్కడ ఇళ్ల ధరలు కూలినప్పుడు జనం ఇలాగే నెలలకొద్దీ ఇంతెజార్ చేశారు. చివరికి 2012లో, ఇంటి అప్పుల్ని కొనే ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ సంస్థల లోన్లకు ఒక కాయిదా పెట్టారు: ఆఫర్ అందిన 30 రోజుల్లో జవాబు, ఇంకా టైమ్ కావాలంటే వారం వారం ఖబర్, 60 రోజుల్లో ఆఖరి ఫైసలా. మన ఆర్‌బీఐకి మాత్రం ఇది తెలియదా? అప్పు పూర్తిగా తీరాక 30 రోజుల్లో ఇంటి కాగజాత్ తిరిగివ్వకపోతే రోజుకు 5,000 చొప్పున ఇవ్వాలని 2023లో బ్యాంకులకు చెప్పింది కదా. కట్టేసినవాడికి దొరికిన ఆ ఇజ్జత్ కట్టలేక ఇల్లమ్ముకునేవాడికి ఎందుకు లేదు?

ఇక మనవాళ్లు. 'సూద్‌కు పోతే ఇంతే' అని దుల్హే భాయికి మస్జిద్ మెట్ల మీదే నసీహత్ చెప్పారొకరు. ఆ సాహెబ్‌నే ఇల్లు కట్టేటప్పుడు ఖర్జె హసనా అడిగితే చేతులెత్తేశారు. తంగీలో ఉన్న ఖర్జ్‌దారుకు మోహలత్ ఇవ్వాలన్న హుకుమ్ మాత్రం వారికి గుర్తు రాలేదు.

ఈ ముసీబత్‌లో ఉన్న ఘరానాలు బద్నామీకి భయపడి నోరు మూసుకోవద్దు. దరఖాస్తు ఇచ్చాం కదా, వేలం ఆగుతుందనుకోవద్దు, ఆగదు. 2016 సవరణ తర్వాత వేలం ప్రకటన అచ్చయ్యేలోపే మొత్తం బాకీ కట్టి ఇల్లు విడిపించుకోవాలి, తర్వాత ఆ హక్కు పోతుంది. ప్రతి కాగితానికీ అందినట్టు ముహర్ వేయించుకోండి. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, 30 రోజులు పలక్కపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు రాయండి. మాఫీ ఇప్పించడం ఆయన పని కాదు గానీ, మీరడిగినట్టు రికార్డు మిగులుతుంది.

టీచరు బక్రీద్ దాకా ఆగుతానన్నాడు. సోమవారం దుల్హే భాయి, నేను మళ్లీ రీజినల్ ఆఫీసుకు పోతున్నాం. అవునో కాదో, దస్తఖత్ ఉన్న కాగజ్ ఇచ్చేదాకా అక్కడే కూర్చుంటాం.