సీసాలో ఏమున్నదో గ్రాహకాన్ని అడుగుదాం

కూర్చున్నచోటనే తూగుతున్న మనిషిని చూసి "నల్లమందు వేసుకున్నాడా ఏమిటి?" అనడం మన ఊళ్ళలో పరిపాటి. నల్లమందు గుణం మనవారికి తరతరాలుగా తెలుసు. అది దేహంలో ఎక్కడ పట్టుకుంటుందో మాత్రం 1973 దాకా నిర్ధారణగా తెలియలేదు. ఆ సంవత్సరం జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో కాండేస్ పెర్ట్, సాలమన్ స్నైడర్‌లు మెదడు కణజాలంలో ఈ జాతి పదార్థాలు వచ్చి అతుక్కునే స్థానాలున్నాయని ప్రయోగపూర్వకంగా చూపించారు. ఆ స్థానాలనే గ్రాహకాలు అంటున్నాం. తాళంలో తాళంచెవి తిరిగినట్లు, నల్లమందులోని మార్ఫీన్ అణువు అక్కడ ఇమిడితే కణం లోపల మార్పులు మొదలవుతాయి. నొప్పి తగ్గుతుంది, మత్తు కమ్ముతుంది, మోతాదు మించితే ఊపిరి ఆగుతుంది.

కొత్త మందుల కోసం పదార్థాలను జల్లెడ పట్టడం అంతకుముందూ ఉన్నదే. మన యల్లాప్రగడ సుబ్బారావు గారి నేతృత్వంలో లెడర్లీ ప్రయోగశాలవారు మట్టి నమూనాలను జల్లించి 1948 నాటికి ఆరియోమైసిన్‌ను వెలికితీశారు. అయితే సూక్ష్మజీవి చచ్చిందో లేదో పళ్ళెంలో చూసి చెప్పవచ్చు. నొప్పి తగ్గిందో లేదో పళ్ళెంలో ఎలా చూడటం? అందుకని చాలాకాలం ఎలుక మెదడును నూరి, ఆ ముద్దపై పరీక్షలు చేసేవారు. చిక్కేమిటంటే ఆ ముద్దలో మ్యూ, డెల్టా, కప్పా అనే మూడు రకాల నల్లమందు గ్రాహకాలూ కలగాపులగంగా ఉంటాయి. పైగా అవి ఎలుకవి, మనిషివి కావు.

ఈ చిక్కు 1992లో విడిపోయింది. లాస్ ఏంజెలిస్‌లో క్రిస్టఫర్ ఎవాన్స్ బృందం, ఫ్రాన్సులోని స్ట్రాస్‌బూర్‌లో బ్రిజిట్ కీఫర్ బృందం ఎవరికివారుగా డెల్టా గ్రాహకపు జన్యువును పట్టుకుని క్లోన్ చేశారు. మరుసటి సంవత్సరమే మ్యూ, కప్పాలు కూడా చిక్కాయి. క్లోన్ చేయడమంటే ఇక్కడ గొర్రెపిల్లను పుట్టించడం కాదు. ఆ ఒక్క జన్యువునూ విడదీసి, నకళ్ళు తీసి, గాజుపాత్రలో సులువుగా పెరిగే వేరొక కణంలోకి ఎక్కించడం. అప్పుడా కణం ఎక్కించిన గ్రాహకాన్నే సమృద్ధిగా తయారుచేస్తుంది. మనిషి జన్యువును ఎక్కిస్తే మనిషి గ్రాహకమే దొరుకుతుంది. 96 గుంటల పళ్ళెంలో ఆ కణాల పొరలను పోసి, రేడియోధార్మికతతో గుర్తుపెట్టిన తెలిసిన మందునూ, తెలియని పదార్థాన్నీ కలుపుతారు. కొత్తది పాతదాన్ని ఎంత మేరకు తోసివేసిందో యంత్రం లెక్కిస్తుంది. సూత్రం ఇంతే.

మోరిస్‌విల్‌లో కాపురమున్న మనకు ఈ విద్య ఇరుగుపొరుగు సంగతి. పక్కనున్న డర్హమ్‌లో డ్యూక్ విశ్వవిద్యాలయపు రాబర్ట్ లెఫ్కోవిట్జ్, మెర్క్ కంపెనీవారితో కలిసి 1986లో ఎడ్రినలిన్ గ్రాహకాన్ని క్లోన్ చేశారు. నల్లమందు గ్రాహకాలదీ ఆ కుటుంబమే. అందుకుగాను ఆయనకూ, శిష్యుడు బ్రయన్ కోబిల్కాకూ 2012లో నోబెల్ బహుమానం వచ్చింది. అరగంట దూరంలోని చాపెల్ హిల్‌లో బ్రయన్ రాత్ నాయకత్వాన, జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిధులతో ఒక పరీక్షా కేంద్రం 2006 నుండి పనిచేస్తూ వచ్చింది. అంతకుముందు అది క్లీవ్‌లాండ్‌లో ఉండేది. విశ్వవిద్యాలయాల రసాయనవేత్తలు పంపిన పదార్థాలను రుసుము లేకుండా పదుల కొద్దీ క్లోన్ చేసిన గ్రాహకాలపై పరీక్షించి ఫలితం చెప్పడం దాని పని. మొదటి విడతలో సగానికి మించి అడ్డుకున్నవాటిని రెండవ విడతలో నిశితంగా కొలుస్తారు. మనం కట్టే పన్నుల్లో ఇంత మంచి వినియోగం నాకు వేరొకటి తోచదు.

దీని విలువ తెలియాలంటే ఫెన్‌ఫ్లూరమైన్ కథ వినాలి. బరువు తగ్గడానికి లక్షలాదిమంది వాడిన ఈ మందును గుండె కవాటాలు చెడుతున్నాయని 1997లో అంగడి నుండి తీసివేశారు. కారణం 2000లో తెలిసింది. రిచర్డ్ రోత్‌మన్, రాత్ తదితరులు క్లోన్ చేసిన గ్రాహకాలపై పరీక్షించి, దేహంలో ఆ మందు నుండి పుట్టే పదార్థం కవాటాలలో ఉండే ఒక సెరటోనిన్ గ్రాహకాన్ని ఉత్తేజపరుస్తున్నదని కనుగొన్నారు. ఆ ప్రశ్న ముందే వేసి ఉంటే ఎన్ని గుండెలు దక్కేవో!

ఇక మన గుమ్మం ముందరి సంగతి. ఫ్రాన్సులో 1980లలో మానసిక కుంగుబాటుకు టియానెప్టిన్ అనే మందు అమ్మకానికి వచ్చింది. సెరటోనిన్‌పై పనిచేస్తుందని చాలాకాలం అనుకున్నారు. 2014లో కొలంబియా విశ్వవిద్యాలయంలో డాలిబోర్ సామెస్ బృందం గ్రాహకాలపై పరీక్షించి చూస్తే అది పట్టుకునేది మ్యూ గ్రాహకాన్ని, అంటే మార్ఫీన్ తలుపునే! అమెరికాలో దీనిని మందుగా ఏనాడూ అనుమతించలేదు. ఆహారపూరకంగా అమ్మడమూ చట్టసమ్మతం కాదని ఎఫ్.డి.ఎ. చెబుతూనే ఉంది. అయినా రంగురంగుల చిన్న సీసాలలో గ్యాస్ స్టేషన్ల గల్లాపెట్టె పక్కన అది కనిపించింది. మిషిగన్ 2018లో, అలబామా 2021లో నిషేధించాయి. క్రేటమ్ ఆకుదీ ఇటువంటి కథే. ఆ ఆకుకు చెందిన 7-హైడ్రాక్సీమైట్రాజైనిన్‌ను నియంత్రించాలని ఎఫ్.డి.ఎ. 2025 జులైలో సిఫారసు చేసింది. 2021లో ఈ దేశంలో మాదకద్రవ్యాల అతిమోతాదు మరణాలు లక్ష దాటాయని గుర్తుంచుకుంటే, ఈ సీసాలను చిల్లర విషయమని తోసిపుచ్చలేము.

నా వాదన ఇది. నిద్రకో, నొప్పికో, ఉల్లాసానికో అని చెప్పి అమ్మే ప్రతి సరుకులోని ముఖ్య పదార్థాన్నీ అంగడికి రాకముందే క్లోన్ చేసిన గ్రాహకాలపై పరీక్షించి, ఫలితాన్ని బహిరంగంగా ప్రకటించాలి. 1994 నాటి ఆహారపూరకాల చట్టం ప్రకారం, అమ్మకానికి ముందు వాటి భద్రతను ప్రభుత్వం ఆమోదించవలసిన పని లేదు. ఆ వెసులుబాటు విటమిన్లకు తగునేమో గాని మెదడును తాకే పదార్థాలకు తగదు. ఖర్చెవరు భరించాలంటే, లాభం తీసుకునేవారే.

అభ్యంతరాలు లేకపోలేదు. పళ్ళెంలో అతుక్కున్నదల్లా ప్రమాదమూ కాదు. పాలలోని కేసీన్ జీర్ణమయ్యేటప్పుడు పుట్టే కొన్ని ముక్కలు కూడా మ్యూ గ్రాహకాన్ని తాకుతాయి. అంతమాత్రాన పెరుగన్నం తిని కునుకు తీసేవారిని ఎవరూ పట్టుకుపోరు. పళ్ళెంలో బాగున్నదల్లా క్షేమమూ కాదు. మన పొరుగు సంస్థ ఆర్.టి.ఐ.లో ఐవీ కారల్ రూపొందించిన జె.డి.టిక్ కప్పా గ్రాహకాన్ని చక్కగా మూసివేసింది; తీరా మనుషులపై పరీక్షలో గుండె లయ తప్పినట్లు కనబడి ఆపివేయవలసి వచ్చింది. 30 లక్షలకు పైగా అణువులను కంప్యూటరుతో జల్లించి సాధించిన పి.జడ్.ఎం.21 ఊపిరిని అణచదని 2016లో ప్రకటిస్తే, అణుస్తుందని 2018లో వేరొక బృందం ఎలుకలపై చూపింది. కాబట్టి ఈ పరీక్ష నిర్దోషి అని పత్రమివ్వలేదు. దొంగను గుర్తుపట్టడానికి మాత్రం బాగా పనికివస్తుంది. నేను కోరుతున్నది ఆ మేరకే.

"చెట్టు నుండి వచ్చింది, ఏమీ చెయ్యదు" అనే మాట మన ఇళ్ళలో తరచు వింటాం. గసగసాల కాయ మాత్రం ఎక్కడిది? మెక్సికోలోని మజటెక్ ప్రజలు వాడే ఒక సాల్వియా ఆకులోని పదార్థం యాభై గ్రాహకాలలో ఒక్క కప్పానే గురిచూసి పట్టుకుంటుందని 2002లో రాత్ బృందమే చూపింది. మన సూట్‌కేసుల్లో వచ్చే చూర్ణాలకూ ఈ పరీక్ష జరగడం ఆయుర్వేదానికి అవమానం కాదు.

మనవారిలో గ్యాస్ స్టేషన్లు, చిన్న దుకాణాలు నడిపేవారున్నారు. ఆ సీసాలపై లాభమెంతో వారికి తెలుసు. లోపలి పదార్థం ఏ గ్రాహకాన్ని పడుతుందో సరఫరాదారును ఒక్కసారి అడగాలని, జవాబు రాకపోతే సరుకు వెనక్కి పంపాలని వారికి నా మనవి. తల్లిదండ్రులు తెలుసుకోవలసినది మరొకటుంది. మ్యూ గ్రాహకం నుండి నల్లమందు జాతి పదార్థాలను తోసివేసే నాలాక్సోన్‌ను ముక్కులో కొట్టే మందుగా చీటీ లేకుండా అమ్మడానికి 2023 మార్చిలో అనుమతి లభించింది. టియానెప్టిన్ పట్టుకునేదీ ఆ గ్రాహకాన్నే కనుక, ఊపిరి మందగించిన మనిషికి అత్యవసర సహాయం కోసం 911కు ఫోను చేస్తూనే దానిని ఇవ్వవచ్చు.