చమురును తాగే ఊక

రాయపూర్ నుంచి సముద్రం కనబడదు. కనబడేవి బియ్యపు మిల్లులు, వాటి వెనుక గుట్టలుగా పేరుకున్న ఊక. అయినా నౌకలు దెబ్బతిని సముద్రంపై చమురు తెట్టె కట్టినప్పుడు, దానిని పీల్చి తీయడానికి శాస్త్రజ్ఞులు పరీక్షించిన పదార్థాలలో ఈ ఊక కూడా ఉన్నది.

ఆ పనికి పూనుకొనే పదార్థానికి నూనె పట్ల ప్రీతి ఉంటే చాలదు, నీటి పట్ల వైముఖ్యం కూడా ఉండాలి. రెండవ గుణమే అరుదు. వంటింట్లో ఒలికిన నూనెను తుడిచే పాతగుడ్డను సముద్రంపై పరిస్తే ముందు నీటిని తాగి, బరువెక్కి మునిగిపోతుంది. ఊకను ఉన్నదున్నట్లుగా చల్లినా నూనెతో పాటు నీటినీ పీల్చుకుంటుంది. గాలి సోకకుండా కాల్చి బొగ్గు చేస్తే మాత్రం దాని స్వభావమే మారిపోతుంది. 2007లో జపాన్ పరిశోధకులు ప్రకటించిన ఫలితాల ప్రకారం, 600 డిగ్రీల సెల్సియస్ వద్ద బొగ్గయిన ఊక, గ్రాముకు 6 గ్రాములకు పైగా ఇంధన తైలాన్ని పట్టుకొన్నది. నీటిని మాత్రం ఒకటిన్నర గ్రాములైనా పీల్చలేదు.

బూరుగు దూదికి ఈ అగ్నిసంస్కారం కూడా అక్కరలేదు. దాని పోగు లోపల బోలు, పైన మైనపు పూత. అందుకే ఒకప్పుడు నావికుల లైఫ్ జాకెట్లలో దానినే కూరేవారు. తన బరువుకు ఎన్నో రెట్లు నూనెను అది ఇముడ్చుకోగలదు.

అయితే ఏ దూదికైనా, ఏ ఊకకైనా ఒక హద్దు ఉన్నది. పలుచని చమురు పోగుల సందుల్లోకి పాకుతుంది. అలల తాకిడికి నీటితో కలిసి చిక్కబడిన చమురు పాకదు. 2017 జనవరి 28న ఎన్నూరు రేవు వెలుపల రెండు నౌకలు ఢీకొని ఇంధన తైలం తీరానికి కొట్టుకొచ్చినప్పుడు, ఆ ముద్దను యంత్రాలు సరిగా లాగలేకపోయాయి. మనుషులు వరుసలుగా నిలబడి బాల్చీలతో ఎత్తిపోశారు.

పీల్చినంత మాత్రాన చమురు మాయం కాదు కూడా. విడిగా చల్లిన ఊకను అలలలోంచి తిరిగి ఏరడం దుస్సాధ్యం. అందుకే ఇటువంటి పదార్థాలను వలసంచులలో కుక్కి, పొడవాటి దండలుగా కట్టి తెట్టె చుట్టూ వేస్తారు. నూనె పీల్చిన సంచులను ఒడ్డుకు లాగాక వాటిని ఎక్కడ ఉంచాలి, ఎలా కాల్చాలి అన్న చిక్కు మిగిలే ఉంటుంది.

రాయపూర్ నుంచి విజయనగరం మీదుగా విశాఖ రేవుకు రైలుమార్గం ఉన్నది. కాని మిల్లుల ఊకకు బాయిలర్ల పొయ్యిలలోనే గిరాకీ. పైగా అది బరువు తక్కువ, ఆక్రమించే చోటు ఎక్కువ. బొగ్గు చేసి, సంచులకెత్తి, ముందుగానే రేవులో నిలవ ఉంచాలి. నౌక పగిలాక రైలెక్కిస్తే, ఊక కంటె ముందే చమురు ఒడ్డుకు చేరుతుంది.