బాలికా మాతృత్వము

2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలను మా పాఠకులు తీరికగా పరిశీలింపవలెనని కోరుచున్నాము. పదునైదు మొదలు పందొమ్మిదేండ్ల వఱకు ప్రాయముగల బాలికలలో అప్పటికే తల్లులైనవారును గర్భిణులుగా నున్నవారును దేశమంతట నూటికి 6.8 మంది, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున 12.6 మంది. వీరేశలింగము పంతులుగారు పుట్టిన నేలకు ఈ లెక్క భూషణము కాదు.

పట్టణములలో కొందఱు పెద్దలు ఇది నేటి పిల్లల విచ్చలవిడితనమని సినిమాలను, సెల్‌ఫోనులను నిందించుచున్నారు. ఆ సర్వేయే మఱియొక మాట చెప్పుచున్నది. ఇరువది మొదలు ఇరువదినాలుగేండ్ల స్త్రీలలో పదునెనిమిది నిండకమునుపే పెండ్లియైనవారు మన రాష్ట్రమున నూటికి 29.3 మంది! ఈ గర్భములలో చాలభాగము మంగళసూత్రము పడిన పిదప, పెద్దల యాశీస్సులతో వచ్చినవే.

తల్లిదండ్రులకు బిడ్డపై ప్రేమ లేదని మేమనజాలము. పదవ తరగతి ముగిసినది. కళాశాల దూరమున నున్నది. బస్సు వేళకు రాదు. పిల్ల చీకటిపడి యిల్లు చేరినచో నలుగురు నాలుగు మాటలందురు. కూలికై వలసపోవువారు ఎదిగిన పిల్లను ఎవరియొద్ద విడువగలరు? చదువు పెరిగినకొలది వరుని వెలయు పెరుగును. ఇట్టి యింట పెండ్లి యొక కాపుదలగా తోచుట వింత కాదు. ఆ కాపుదల వెల మాత్రము బాలికయే చెల్లించుచున్నది: రక్తహీనత, గుఱ్ఱపువాతము, తూకము తక్కువైన శిశువు.

చట్టములకు కొదవ లేదు. 1929 నాటి శారదా శాసనము బాలికకు 14 యేండ్లు నిర్ణయింపగా, 1978లో దానిని 18కి పెంచిరి. 2006లో బాల్యవివాహ నిషేధ చట్టము వచ్చినది. శిక్షాభయముచే గర్భమును దాచి, ఆసుపత్రికి ఆలస్యముగా తెచ్చువారును కలరు. దేశమంతటి లెక్కలలో బడి మొగమెఱుగని బాలికలలో నూటికి సుమారు 18 మంది ఈ ప్రాయమున తల్లులో గర్భిణులో కాగా, పండ్రెండేండ్లు చదివినవారిలో సుమారు 4 గురు మాత్రమే. చదువు మానుటచే పెండ్లియా, పెండ్లిచే చదువు మానుటయా యని తార్కికులు వాదించుకొందురు గాక!

ప్రతి మండలమునందును బాలికలకు జూనియరు కళాశాలయు, వసతిగృహమును, సాయంకాలము పల్లె చేర్చు బస్సును ఎన్నిచోట్ల గలవో జిల్లా అధికారులు వెంటనే ప్రకటింపవలెను. మా పాఠకులనును ఒకటి యడుగుచున్నాము. రానున్న మాఘమాసమున తమ యింటికి వచ్చెడి శుభలేఖలలో వధువు వయస్సెంతయో విచారించి, తక్కువయైనచో 1098కి తెలిపి, ఆ పందిట విస్తరిముందు కూర్చుండకుండగలరా?