గిర్నీ మోత, దాదీ పిలుపు

మా ఇంటి వెనుక గోడకు ఆనుకొని ఒక గిర్నీ ఉన్నది. గోధుమలు, జొన్నలు, పసుపు, కారం పట్టించుకోవడానికి వీధి వీధంతా అక్కడికే వస్తుంది. ఉదయం తొమ్మిదింటికి మొదలయ్యే మోత మగ్రిబ్ అజాన్ దాకా సాగుతుంది. ఇరవై సంవత్సరాలుగా ఆ మోత మధ్యనే కాపురం చేస్తున్నాము. దానిపై ఎవరికైనా ఫిర్యాదు చేయాలన్న తలంపు మాకెన్నడూ కలగలేదు. అది ఒక కుటుంబపు జీవనోపాధి, మన పొరుగువారి హలాల్ సంపాదన.

మా అమ్మాయి ఇంటర్మీడియట్ పూర్తి చేసి నీట్ పరీక్ష కోసం ఇంటి వద్దనే చదవడం ప్రారంభించిన తరువాత ఇబ్బంది తెలిసివచ్చింది. పాఠాలన్నీ ల్యాప్‌టాప్‌లో వినాలి. గిర్నీ మోతను దాటి వినపడాలంటే ధ్వని పెంచాలి. పెంచితే సాయంత్రానికి చెవులలో హోరు, తలనొప్పి. ఒక స్నేహితురాలి వద్ద నాయిస్ క్యాన్సెలింగ్ హెడ్‌ఫోన్లు తెచ్చుకొని వారం రోజులు వాడింది. మొదటి రోజే పరుగెత్తుకొని వచ్చి, "అమ్మీ, గిర్నీ మాయమైపోయింది!" అన్నది. ఆ ముఖంలో అంత తేట నేను చాలా రోజుల తరువాత చూశాను.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నేను బజారుకు వెళ్లాను. మా అత్తగారికి 78 ఏళ్లు. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకుంటారు. ఆ రోజు సూది వేసుకొని, ఆకలి లేదని రెండు ముద్దలతో సరిపెట్టారు. కొంతసేపటికి రక్తంలో చక్కెర పడిపోయింది. పక్క గదిలోనే ఉన్న మనుమరాలిని పిలిచారు. మళ్లీ పిలిచారు. తరువాత పిలిచే ఓపిక లేకపోయింది. అసర్ నమాజ్ ముగించుకొని వచ్చిన మా అబ్బాయికి దాదీ చెమటతో తడిసి, మాట తడబడుతూ కనిపించారు. మింగగలిగే స్థితిలోనే ఉన్నారు గనుక వాడు వెంటనే చక్కెర నీళ్లు తాగించాడు. పావుగంటలో తేరుకున్నారు, అల్‌హందులిల్లాహ్. మా అమ్మాయి ఆ హెడ్‌ఫోన్లను ఆ సాయంత్రమే తిరిగి ఇచ్చివేసింది. ఇక అటువంటి వస్తువు ఇంట్లో వద్దే వద్దన్నది. రెండు రోజులు ఆమె గొంతు సరిగా పెగలలేదు.

వద్దనడానికి ఒప్పుకోనివారు మా అత్తగారే. "నా కోసం నువ్వు చదువు పాడుచేసుకుంటే నేను ఏ ముఖంతో దుఆ చేయాలి?" అన్నారు. అందువల్ల కొనాలా వద్దా అన్న ప్రశ్న ముగిసి, ఏది కొనాలి అన్న ప్రశ్న మిగిలింది. సరిగ్గా అప్పుడే రియాద్‌లో పనిచేసే మా బావగారి అబ్బాయి సెలవు మీద వస్తూ, "చాచీ, ఏమి తేవాలి?" అని ఫోన్ చేశాడు. సంగతి చెప్పగానే, "తెస్తే సరికొత్తదే తెస్తాను, పాతవి ఎందుకు?" అన్నాడు. మా వారు మాత్రం, "పాత నమూనా ధర సగానికి దిగింది కదా, అందులో లేనిదేమిటి?" అన్నారు. ఇద్దరూ ఫోన్‌లోనే అరగంట వాదించుకున్నారు. మా ఇంట ఇంతటి చర్చ పెళ్లి సంబంధాలకు తప్ప జరగదు.

నేను ముందుగా ఈ వస్తువు ఎలా పనిచేస్తుందో తెలుసుకున్నాను. హెడ్‌ఫోన్ డిప్పలలో చిన్న మైకులుంటాయి. అవి బయటి శబ్దాన్ని గ్రహిస్తాయి. లోపలి పరికరం ఆ శబ్ద తరంగానికి సరిగ్గా వ్యతిరేకమైన తరంగాన్ని పుట్టించి చెవిలోకి పంపుతుంది. ఒకటి పైకి లేచేచోట రెండవది కిందికి దిగుతుంది. రెండూ కలిసి ఒకదానినొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. ఈ ఊహకు పాల్ లూగ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 1936లోనే అమెరికాలో పేటెంటు పొందాడు. దానిని చెవులకు తగిలించుకునే వస్తువుగా మలచిన ఘనత అమర్ బోస్‌ది. ఆయన తండ్రి బ్రిటిషు పాలనను ఎదిరించి బెంగాల్ విడిచి అమెరికా చేరిన స్వాతంత్ర్య యోధుడు. 1978లో ఐరోపా నుండి బోస్టన్‌కు తిరిగి వెళ్తుండగా, విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్లలో ఇంజిను మోత తప్ప ఏమీ వినపడక, అమర్ బోస్ ఆ ప్రయాణంలోనే కాగితంపై లెక్కలు వేయడం మొదలుపెట్టారు. విమాన చోదకుల కోసం ఆయన సంస్థ హెడ్‌సెట్‌ను విడుదల చేసేసరికి 1989 వచ్చింది. సామాన్యులకు 2000లో అందింది.

విమానపు ఇంజిను కోసం పుట్టినది కాబట్టి, ఒకే తీరుగా సాగే మంద్రమైన మోతను ఇది బాగా అణచగలదు. ఇంజిను, ఫ్యాను, ఏసీ, మా గిర్నీ మోటారు ఆ కోవలోనివే. ఉన్నట్టుండి పుట్టే శబ్దాలు, అంటే డబ్బా కిందపడటం, గిర్నీ యజమాని కేక వంటివి, అంత సులభంగా లొంగవు. మనిషి గొంతు ఈ రెండింటికి నడుమ ఉంటుంది. మందమైన డిప్పలు కొంత ఆపుతాయి, యంత్రం మరికొంత ఆపుతుంది, పాఠం చెప్పే స్వరం మిగిలినదానిని కప్పివేస్తుంది. వృద్ధురాలి బలహీనమైన పిలుపు ఆ మూడింటినీ దాటి రాలేకపోయింది.

ఇక పాత కొత్తల సంగతి. మా వాళ్ల వాదమంతా సోనీ వారి డబ్ల్యూహెచ్-1000ఎక్స్‌ఎం శ్రేణి చుట్టూనే తిరిగింది కనుక దానినే ఉదాహరణగా తీసుకుంటాను. నాలుగవ తరం 2020లో, అయిదవది 2022లో, ఆరవది 2025లో వచ్చాయి. అమెరికాలో విడుదలనాటి ధరలు వరుసగా 350, 400, 450 డాలర్లు. శబ్దాన్ని పసిగట్టే మైకులు 4 నుండి 8కి, 8 నుండి 12కు పెరిగాయి. బ్యాటరీ మాత్రం మూడింటికీ శబ్ద నివారణతో 30 గంటలే. బరువు నాలుగవదానికి 254 గ్రాములు, అయిదవదానికి 250, ఆరవదానికి మళ్లీ 254. నాలుగవది మడిచి చిన్న సంచిలో పెట్టుకోవచ్చు. అయిదవదానిలో ఆ మడతను తీసివేశారు. ఆరవదానిలో తిరిగి తెచ్చారు. కొత్తదంటే అన్నింటా ముందడుగే అనుకునేవారు ఈ మడత కథను గుర్తుంచుకోవాలి.

కొత్త తరం నిజంగా మెరుగైనది ఎక్కడ? మనుషుల మాటల వంటి శబ్దాలను అది మరింత బాగా ఆపుతుంది. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు మన గొంతును అవతలివారికి మరింత స్పష్టంగా చేరవేస్తుంది. కిక్కిరిసిన చోట కూర్చొని రోజంతా ఫోన్‌లో మాట్లాడే ఉద్యోగం చేసేవారికి ఆ అదనపు ఖర్చు సబబే. మా అవసరం అది కాదు. మాకు అణగవలసినది మోటారు మోత, ఆ పని నాలుగవ తరమే చక్కగా చేస్తుంది. పైగా మాటలను ఇంకా గట్టిగా ఆపే యంత్రమంటే దాదీ పిలుపును ఇంకా గట్టిగా ఆపే యంత్రమే కదా అని మా అబ్బాయి అన్నాడు. అప్పటిదాకా ఎవరమూ ఆ వైపు నుండి ఆలోచించలేదు.

అందుకని అన్నింటికన్నా ముందు ఒక షరతు పెట్టుకున్నాము. ఏది కొన్నా అందులోనుండి దాదీ పిలుపు లోపలికి రావాలి. ఈ హెడ్‌ఫోన్లలో బయటి శబ్దాన్ని కావాలని లోపలికి వదిలే పద్ధతి ఒకటి ఉన్నది. దానిని వాడితే గిర్నీ కూడా లోపలికి వస్తుంది. కుడి డిప్పపై అరచేయి ఆనిస్తే ధ్వని తగ్గి బయటి మాట వినిపించే వసతీ ఉన్నది. కాని ఎవరో పిలుస్తున్నారని తెలిస్తేనే కదా చేయి ఆనించేది! మాట వినగానే పాఠం దానంతట అదే ఆగిపోతుందని గొప్పగా చెప్పుకునే మరొక వసతి ఉన్నది. తీరా చూస్తే అది ధరించినవారు మాట్లాడితే ఆగుతుంది గాని, వారిని ఎవరైనా పిలిస్తే కాదు. దుకాణాల ప్రకటనలలో ఈ తేడాను ఎవరూ విడమరచి చెప్పరు.

మాకు పనికివచ్చినది ఎవరూ పెద్దగా చెప్పుకోని ఒక చిన్న వసతి. నాలుగవ తరం హెడ్‌ఫోన్లు ఒకే సమయంలో రెండు పరికరాలతో అనుసంధానమై ఉండగలవు. ల్యాప్‌టాప్‌లో పాఠం నడుస్తుండగా ఫోన్‌కు పిలుపు వస్తే ఆ మోత నేరుగా చెవిలోనే వినిపిస్తుంది. మా అత్తగారి వద్ద బటన్ల ఫోన్ ఉన్నది. అందులో 2 అంకెను నొక్కిపట్టుకుంటే మనుమరాలికి ఫోన్ వెళ్లేటట్లు అమర్చాము. కేక వేసే ఓపిక లేకపోయినా ఒక వేలు నొక్కే ఓపిక ఉంటుంది, ఇన్షా అల్లాహ్. ఆరవ తరం కొన్నా ఈ విషయంలో మాకు అదనంగా దక్కేది ఏమీ లేదు. ఫోన్ నిశ్శబ్దంగా పెట్టి ఉన్నప్పుడు హెడ్‌ఫోన్‌లో మోగుతుందా లేదా అన్నది ఫోన్‌ను బట్టి మారవచ్చు. కాబట్టి ఇటువంటి ఏర్పాటు చేసుకునేవారు ముందుగా పరీక్షించి చూసుకోవాలి. చక్కెర పడిపోయే ప్రమాదం ఉన్నవారి పక్కన ఒక మనిషి ఉండటానికి ఇది ప్రత్యామ్నాయం కాదు. ఇప్పుడు నేను లేకుండా సూది వేయించుకోవద్దని మా అత్తగారితో మాట తీసుకున్నాను.

ఈ మాటలన్నీ విన్న మా బావగారి అబ్బాయి, "అయితే నా వద్ద ఉన్నది నాలుగవ తరమే, నాలుగేళ్లుగా వాడుతున్నాను. దానినే ఇస్తాను" అన్నాడు. ఆ వెంటనే దాని లోపాలన్నీ వరుసగా చెప్పాడు. ఎడమ డిప్ప మెత్త పొరలు పొరలుగా లేస్తున్నది, బ్యాటరీ మునుపటి అంతసేపు రాదు, తలకట్టుపై ఒక గీత ఉన్నది. నాకు ముచ్చట వేసింది. బజారులో ధాన్యపు రాశిలోకి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) చేయి పెట్టి చూసి, లోపలి తడిని పైకి కనబడేలా ఉంచలేదేమని వర్తకుణ్ణి నిలదీసిన సంఘటన మనకు తెలిసినదే. అమ్మకం కాకపోయినా, కానుకలో కూడా లోపం చెప్పి ఇచ్చాడు పిల్లవాడు.

వాడిన హెడ్‌ఫోన్లు తీసుకునేవారు మెత్తలను ముందుగా చూడాలి. చెవి చుట్టూ మెత్త సరిగా అతుక్కుంటేనే శబ్ద నివారణ పనిచేస్తుంది. మన ఉక్కకు, చెమటకు ఆ కృత్రిమ తోలు త్వరగా పగులుతుంది. మెత్తలు విడిగా దొరుకుతాయి, ఇంట్లోనే మార్చుకోవచ్చు. బ్యాటరీ సంగతి వేరు, దానిని మార్చడం అంత సులభం కాదు. కాబట్టి పూర్తిగా చార్జి చేసి ఎన్ని గంటలు వస్తుందో చూసి నిర్ణయించుకోవాలి. ఫ్యాను పూర్తి వేగంతో తిప్పి, నివారణను ఆపి, మళ్లీ వేసి, రెండు చెవులలోనూ మోత సమానంగా తగ్గుతున్నదా గమనించండి. అచ్చు గుద్దినట్లుండే నకిలీలు బజారులో చాలా ఉన్నాయి. సంస్థ వారి యాప్ ఆ వస్తువును గుర్తిస్తున్నదో లేదో చూడటం మంచిది. గల్ఫ్ నుండి కొత్తది తెప్పించుకునేవారు ఇక్కడ వారంటీ చెల్లుతుందా అని ముందే అడగాలి.

మన ఆడపిల్లలకు సంబంధించిన ఒక మాటను ఏ దుకాణంవారూ చెప్పరు. స్కార్ఫు మీద హెడ్‌ఫోన్ పెడితే మెత్తకు, చర్మానికి నడుమ బట్ట అడ్డుపడి గాలి చొరబడుతుంది, మోత లోపలికి వస్తుంది. స్కార్ఫు కింద పెడితే బయటి మైకులపై బట్ట రాసుకొని గరగరమంటుంది. నాలుగవ తరంలో ఒక మీటను కొన్ని క్షణాలు నొక్కిపడితే, మనం ఎలా ధరించామో కొలుచుకొని నివారణను సరిచేసుకునే పద్ధతి ఉన్నది. కళ్లద్దాలవారికీ అది ఉపకరిస్తుంది. తరువాతి తరంలో ఆ సర్దుబాటు దానంతట అదే జరుగుతుంది. అయినా బట్ట బట్టే. ఇంటి బయట, బస్సులో, కాలేజీలో స్కార్ఫుతోనే వాడవలసిన అమ్మాయిలకు చెవిలో ఇమిడే చిన్న ఇయర్‌బడ్లు మేలు. మా అమ్మాయి వాడేది ఇంట్లోనే గనుక మాకు ఆ చిక్కు లేదు.

ధ్వని తగ్గించి వినగలగడం ఈ వస్తువు వలన కలిగే అసలైన మేలని నాకనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పిన హద్దు వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్‌లు. పిల్లలకు అది 75. ఆపైన ప్రతి 3 డెసిబెల్‌లకు వినదగిన సమయం సగానికి పడిపోతుంది. అంటే పెద్దలకు 83 అయితే 20 గంటలు, 86 అయితే 10 గంటలే. గిర్నీ మోతతో పోటీపడి ధ్వని పెంచుకున్న రోజులలో మా పిల్ల ఈ హద్దును ఎన్నిసార్లు దాటిందో! వినికిడిని గురించి, చూపును గురించి, హృదయాన్ని గురించి లెక్క అడగబడుతుందని బనీ ఇస్రాయీల్ సూరా 36వ ఆయతులో హెచ్చరిక ఉన్నది. ఆ లెక్కలో ఏమి విన్నామన్నదానితోపాటు, చెవులను ఎలా కాపాడుకున్నామన్నది కూడా ఉంటుందని నేను భావిస్తాను.

మిగిలిన సొమ్ము విషయంలోనూ కొంత చర్చ జరిగింది. కొత్తది కొని ఉంటే మన రూపాయలలో 40 వేల దాకా అయ్యేది. కరుణామయుని దాసులు ఖర్చులో దుబారాకూ పిసినారితనానికీ నడుమ నిలుస్తారని అల్ ఫుర్ఖాన్ సూరా 67వ ఆయతు తెలుపుతుంది. మా వారు దుబారా భాగాన్ని గుర్తుచేస్తుంటే నేను పిసినారితనపు భాగాన్ని గుర్తుచేశాను. అమ్మాయికి మంచి కుర్చీ, చదువుకునే బల్లమీదికి దీపం, అత్తగారికి చక్కెర కొలిచే యంత్రం కొన్నాము. హెడ్‌ఫోన్లకు మాత్రం కొత్త మెత్తల జత.

అజాన్ సంగతి అడిగేవారుంటారు. గిర్నీ మాయమైనట్లే మస్జిద్ మైకు కూడా దూరమైపోతుంది. ఇప్పుడు ఆమె ఫోన్‌లోనే నమాజ్ వేళలు మోగుతాయి. జొహర్‌కు, అసర్‌కు హెడ్‌ఫోన్లు బల్లమీదికి చేరతాయి, అది చెవులకు కూడా విరామం.

ఈ ఏర్పాటు జరిగి మూడు నెలలయింది. ఇంతవరకు అవసరం కోసం ఆ మీట నొక్కవలసిన పరిస్థితి రాలేదు. అయినా దాదాపు ప్రతి మధ్యాహ్నమూ మా అమ్మాయి చెవిలో ఫోన్ మోగుతుంది. పుస్తకం మూసి దాదీ గదికి పరుగెత్తుతుంది. "ఏమీ లేదు బేటీ, మోగుతున్నదో లేదో చూశాను" అంటారు మా అత్తగారు, మంచం మీద కొంచెం పక్కకు జరిగి ఆమె కూర్చోవడానికి చోటిస్తూ.