నీడను జయించిన విద్యార్థి

అద్భుత గాథలు కేవలం కాలక్షేపానికే అన్న అభిప్రాయంతో మేము ఏకీభవించలేము. అమెరికన్ రచయిత్రి ఉర్సులా లెగ్విన్ 1968లో వెలువరించిన ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ నవలే ఇందుకు నిదర్శనం. కంచరి కుమారుడైన గెడ్ రోక్ ద్వీపంలో మంత్రవిద్య నేర్చుకుంటూ, తోటి విద్యార్థిపై ఆధిక్యం చాటుకోబోయి ఒక భయంకరమైన నీడను లోకం మీదికి వదులుతాడు. ఆ అనర్థాన్ని అరికట్టడంలో ప్రధానాచార్యుడు అసువులు బాస్తాడు. మొదట నీడకు వెరచి పారిపోయిన గెడ్, తొలి గురువు హితవు విని, దానినే వెన్నాడి, చివరకు తన పేరుతోనే దానిని పిలిచి తనలో కలుపుకుంటాడు. శత్రుసంహారం కన్న, తాను చేసినదానికి తానే బాధ్యత వహించడం కష్టతరమైన ధర్మం. పోటీలో పడి వినయాన్ని మరచే ప్రమాదం మన విద్యార్థులకూ ఉన్నది. ఇట్టి గ్రంథాలకు కళాశాల గ్రంథాలయంలో స్థానం కల్పించవలసినదిగా కార్యవర్గాన్ని కోరుతున్నాము.