వృద్ధాశ్రమం మంచిదని తేల్చేదెవరు?

వృద్ధాశ్రమం అనే మాట మన ఇళ్ళలో పైకి అనుకునేది కాదు. ఎవరైనా ప్రస్తావన తెస్తే 'అది మన పద్ధతి కాదు' అని ఒక్క మాటతో తేల్చేస్తాం. తల్లిదండ్రుల సేవకు ధర్మం ఎంత పెద్దపీట వేసిందో ఎరిగిన సమాజం అలా అనుకోవడం సహజమే. అయితే కడప నుంచి నిజామాబాదు దాకా, హైదరాబాదు పాతబస్తీతో సహా, కొడుకులు గల్ఫ్ దేశాల్లో ఉండి ముసలివాళ్ళు మాత్రమే ఇంట్లో మిగిలిన కుటుంబాలు కోకొల్లలు. పక్షవాతంతో మంచాన పడ్డ అబ్బాను రాత్రీ పగలూ ఎత్తి, దించి, శుభ్రం చేసే శక్తి ఒక్క కోడలికి లేకపోతే ఆ కుటుంబం ఏం చేయాలి? 2011 జనాభా లెక్కల నాటికే దేశంలో 60 ఏళ్ళు దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. కనుక ఆశ్రమానికి పంపాలా వద్దా అనే వాదన ఈ వారం పక్కన పెడదాం. పంపక తప్పని స్థితి వస్తే ఆ ఆశ్రమం మంచిదో కాదో తెలిసేదెలా? తేల్చి చెప్పేదెవరు?

చట్టాన్ని అడిగితే సగం జవాబే దొరుకుతుంది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. మతంతో నిమిత్తం లేకుండా అందరికీ వర్తిస్తుంది. దాని 19వ సెక్షన్ జిల్లాకు కనీసం ఒక్క వృద్ధాశ్రమం ఉండాలనీ, అందులో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు కల్పించాలనీ చెబుతోంది. తెలంగాణలోని 33 జిల్లాలకు ఈ లెక్కన 4,950 మందికి చోటుండాలి. కానీ చట్టంలోని మాట ప్రభుత్వం 'స్థాపించవచ్చు' అనే గాని 'స్థాపించి తీరాలి' అని కాదు. ఆశ్రమాల ప్రమాణాలను నిర్ణయించే విషయంలోనూ అదే 'వచ్చు'. ఈ ఒక్క క్రియాపదం చాటున ఎన్ని ప్రభుత్వాలు తలదాచుకున్నాయో! 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు, అశ్వనీ కుమార్ కేసులో, ఏ జిల్లాలో ఎన్ని ఆశ్రమాలున్నాయో, వాటిలో వైద్య సౌకర్యాలేమిటో రాష్ట్రాల నుంచి వివరాలు తెప్పించమని కేంద్రాన్ని ఆదేశించవలసి వచ్చింది. చట్టం వచ్చిన పదకొండేళ్ళకు కూడా లెక్కే తేలలేదన్నమాట.

ఆ లోటు పూడ్చేందుకు 2019 డిసెంబరులో లోక్‌సభలో ఒక సవరణ బిల్లు పెట్టారు. ప్రతి ఆశ్రమం రిజిస్టరు కావాలి, తిండికీ వసతికీ వైద్యానికీ కనీస ప్రమాణాలు ఉండాలి అన్నది అందులోని ముఖ్యాంశం. బిల్లు స్థాయీ సంఘానికి వెళ్ళింది, నివేదిక వచ్చింది, అక్కడితో సరి. 2024లో లోక్‌సభ రద్దు కావడంతో బిల్లు మురిగిపోయింది. దీనిపై ఏ పార్టీ కూడా పెద్దగా గొంతెత్తకపోవడం గమనార్హం.

ప్రమాణాలు రాసి, మార్కులు వేస్తే సమస్య తీరుతుందా? ఇక్కడ అమెరికా అనుభవం మనకు చాలా నేర్పుతుంది. అక్కడి నర్సింగ్ హోములు మన ఆశ్రమాల వంటివి కావు, వైద్యసేవ పాలు ఎక్కువ. అయినా పోలిక పనికొస్తుంది. 1987లోనే ఆ దేశం వాటికి కట్టుదిట్టమైన చట్టం చేసింది. 2008 డిసెంబరు నుంచి హోటళ్ళకిచ్చినట్టు ఒకటి నుంచి అయిదు నక్షత్రాల దాకా ఇవ్వడం మొదలుపెట్టింది. నక్షత్రాలకు ఆధారం మూడు: ప్రభుత్వ తనిఖీ, సిబ్బంది సంఖ్య, వృద్ధుల ఆరోగ్య సూచికలు. మొదటిది బయటివారు చెప్పకుండా వచ్చి చేసేది. తక్కిన రెండూ మొదట్లో హోముల యాజమాన్యాలు తాము రాసి పంపినవే! పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకుంటే మార్కులు ఎందుకు తగ్గుతాయి? ఏటికేడు మంచి నక్షత్రాల హోములు పెరుగుతూ పోయాయి. చివరకు సిబ్బంది జీతాల చిట్టాలనే లెక్కలోకి తీసుకోవడం 2018లో మొదలైంది. అంతే, ఆ ఏడాదే వెయ్యికి పైగా హోములు సిబ్బంది విషయంలో ఒక్క నక్షత్రానికి దిగిపోయాయి. అర్హత గల నర్సు రోజూ ఉండాలన్నది నిబంధన. ఎన్నో రోజులు ఆ నర్సు హాజరైనట్టు దాఖలాయే లేదు.

ఇంకో సంగతి దీనికన్నా బాధాకరం. మతిమరుపు జబ్బుతో అరిచే, తిరిగే వృద్ధులను మత్తు కలిగించే మానసిక రోగాల మందులతో పడుకోబెట్టడం అక్కడ పాత అలవాటు. అలాంటివారికి ఈ మందులు ప్రాణాపాయమని 2005లోనే ఆ దేశపు ఔషధ సంస్థ హెచ్చరించింది. ఈ మందుల వాడకాన్ని కూడా నక్షత్రాల లెక్కలో చేర్చారు. అయితే స్కిజోఫ్రీనియా ఉన్నవారికి మినహాయింపు ఉంది. దాంతో కొన్ని హోములు ముసలివారికి లేని స్కిజోఫ్రీనియాను కాగితాల మీద పుట్టించాయి! దీనిపై ప్రత్యేక ఆడిట్లు చేస్తామని ప్రభుత్వం 2023లో ప్రకటించవలసి వచ్చింది. అంత డబ్బూ, అంత యంత్రాంగమూ ఉన్న దేశంలోనే ఇలా జరిగితే, రేపు మన దగ్గర గోడకు తగిలించే సర్టిఫికెట్టును చూసి నిశ్చింతగా ఉండగలమా?

కనుక మన కళ్ళతో మనం చూడక తప్పదు. చూడవలసింది పాలరాతి గచ్చునో, టీవీ గదినో కాదు. అవి నెలనెలా డబ్బు కట్టే కొడుకు కోసం, ఉండే తండ్రి కోసం కాదు. రాత్రి పదింటికి ఎంతమంది సిబ్బంది మేలుకొని ఉంటారో, ఒక్కొక్కరి మీద ఎంతమంది భారం ఉందో అడగాలి. మంచాన ఉన్నవారిని రెండేసి గంటలకు పక్క మార్చి పడుకోబెడుతున్నారా? వీపు మీద, మడమల మీద పుండ్లు ఉన్నాయా? చేతికందే చోట మంచినీళ్ళు ఉన్నాయా? రాత్రి మరుగుదొడ్డికి లేపవలసి వస్తుందని సాయంత్రం నుంచి నీళ్ళు తగ్గించే చోట్లు ఉంటాయి. ఆయాలు ఆరునెలలకొకసారి మారిపోతుంటే జీతాలు సరిగా లేవనుకోవచ్చు. జీతం లేని చోట ఓపికా ఉండదు. ఏ మందు ఎందుకు ఇస్తున్నారో రాసి చూపించమనాలి. డిపాజిట్ ఎప్పుడు, ఎంత తిరిగి ఇస్తారో కాగితం మీద ఉండాలి. భోజనవేళకు చెప్పకుండా వెళితే ఇందులో సగం దానంతటదే తెలుస్తుంది.

మన పెద్దల విషయంలో మరికొన్ని ఉన్నాయి. హలాల్ భోజనం, వజూకు నీళ్ళు, కుర్చీ మీదైనా నమాజు చేసుకునే వీలు, రంజాన్‌లో సహరీ వేళకు ఎవరైనా లేవడం, ప్రాణం పోతే ఎవరికి కబురు చేయాలో ముందే రాసి ఉంచడం. ఉర్దూ తప్ప మరో భాష రాని దాదీని ఆ మాట తెలిసినవారు ఒక్కరూ లేని చోట వదిలితే ఆమె నొప్పి ఎవరికి చెప్పుకుంటుంది?

అసలు చిక్కు మన సిగ్గులో ఉంది. తల్లిని ఆశ్రమంలో ఉంచినవారు ఆ సంగతి బంధువులకు తెలియనివ్వరు. తెలియనివ్వరు కనుక ఎవరూ చూడబోరు. చూడబోయేవారు లేరని నిర్వాహకులకు వారంలోనే అర్థమవుతుంది. అడిగే దిక్కున్న మంచానికీ, లేని మంచానికీ సేవలో తేడా రాదని అనుకోవడం అమాయకత్వం. పంపిన కొడుకును నిందించి పుణ్యం కట్టుకున్నామనుకునే మనకూ ఇందులో పాలు ఉంది.

చట్టం ఇచ్చిన మేరకైనా వాడుకోవాలి. సమర్థులై ఉండీ బిడ్డలు చూడకపోతే ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు, వకీలు అక్కరలేదు. నెలకు 10,000 రూపాయల లోపు పోషణ భత్యం ఇప్పిస్తారు. మంచాన పడ్డవారిని చూసే ప్రైవేటు హోముల రుసుము హైదరాబాదులో దీన్ని దాటిపోవడం మామూలే. ఈ పరిమితిని ఎత్తివేయాలన్నదీ ఆ మురిగిపోయిన బిల్లులోనే ఉండేది. వేధింపులుంటే 14567 నంబరుకు ఫోను చేయవచ్చు. ఈ సహాయవాణి ప్రయోగాత్మకంగా మొదలైంది హైదరాబాదులోనే.

ఇవి కాక మసీదు కమిటీలు చేయగల పని ఒకటుంది. తమ ప్రాంతంలోని ఆశ్రమాల్లో మనవాళ్ళు ఎవరున్నారో కనుక్కుని, వారానికొకసారి ఇద్దరు ముగ్గురు వెళ్ళి కాసేపు కూర్చుని రావడం. మతం తేడా లేకుండా పక్క మంచం వారిని కూడా పలకరించాలి. వెళ్ళేవారిలో ఆడవారు తప్పనిసరిగా ఉండాలి. స్నానం ఎవరు చేయిస్తున్నారో, తలుపు వేస్తున్నారో లేదో ఏ ముసలమ్మా మగవారికి చెప్పదు.